రెండు తలుపుల పాక

సిరియాకా అనే పేరు పెట్టుకుని ఆ కొండల్లో బతకడమంటే మాటలు కాదు. బిడ్డ ఏ రోజున పుడితే, ఆ రోజు కేలండర్లో ఏ పునీతుడి పండుగ ఉందో చూసి ఆ పేరే పెట్టడం అక్కడి ఆనవాయితీ. తుఫానులకూ అంతే. 1899 ఆగస్టు ఎనిమిదిన, సాన్ సిరియాకో పండుగ నాడు పోర్టో రికో దీవి మీద పడ్డ తుఫాను మూడు వేల మందికి పైగా పొట్టన పెట్టుకుంది. ఏ గాలివానలోనూ అంతటి చావును ఆ దీవి అంతకు ముందెన్నడూ చూడలేదు. అదే రోజు, అదే గాలిలో ఈమె పుట్టింది. వాళ్ళమ్మ ఏమాత్రం తడుముకోకుండా సిరియాకా అని పెట్టేసింది. ఆనవాయితీ ఆనవాయితీయే, పోయినవాళ్ళ కోసం మార్చనంది.

ఆ పేరు మోస్తూ ఇరవై తొమ్మిదేళ్ళు గడిచాయి. వాగు పొంగితే ఆమె వంక చూసేవాళ్ళు. అరటి చెట్లు నేలకొరిగితే ఆమె వంక చూసేవాళ్ళు. ఆమె గట్టిగా తుమ్మితే పక్కింటివాళ్ళు ఆరేసిన బట్టలు తీసుకునేవాళ్ళు. తమ చేతుల్లో లేనిదాన్ని ఎవరో ఒకరి నెత్తిన రుద్దితే తప్ప మనుషులకు మనశ్శాంతి ఉండదేమో మరి. "ఏమ్మా గాలివానా" అని ఎవరైనా పలకరిస్తే సిరియాకా కూడా ఊరుకునేది కాదు. "ఆ, గాలివాననే. నీ ఇంటి కప్పు గట్టిగా కట్టుకో" అనేసి తన దారిన తను పోయేది.

ఎగతాళి చేసేవాళ్ళను ఆమె లెక్కచేయలేదు. ఆ పేరును ఒక్కసారి కూడా నోట పలకని మనిషి ఒకతె ఉంది, బాధల్లా ఆవిడతోనే. అత్తగారు ప్రాక్సెదెస్, పేటకంతటికీ మంత్రసాని. సిరియాకాను ఈ భూమ్మీదికి తెచ్చినవి ఆవిడ చేతులే. ఆ ఆగస్టు పొద్దున అవతలి కొండ మీద పురిటినొప్పులని కబురొస్తే, నాలుగో నెల కడుపుతో ఉన్న ప్రాక్సెదెస్ తన ఇద్దరు పిల్లల్నీ మొగుడికి అప్పగించి వెళ్ళింది. గాలి ముదిరేసరికి అక్కడివాళ్ళతో పాటు గుంటలో వేసిన పాకలో దూరింది. నడిమధ్యలో గాలి ఠక్కున ఆగిపోయింది. కాస్త ఎండ కూడా కాసింది. ఇంటికి పరుగెత్తడానికి ఆ కాసేపు చాలు. కానీ బిడ్డ తల అప్పుడే బయటికి వస్తోంది, వదిలేసి ఎలా పోతుంది? ఉండిపోయింది. గాలి మళ్ళీ వచ్చింది. ఆ రెండో గాలికి కొండచరియ జారి ఆవిడ ఇల్లూ, మొగుడూ, ఇద్దరు పిల్లలూ వాగులో కలిసిపోయారు.

అప్పుడు కడుపులో ఉన్నవాడు తాసియో. వాడు పెరిగి పెద్దవాడై, దీవిలో ఇంకెవరూ లేనట్టు, సిరియాకానే చేసుకుంటానని మొండికేశాడు. చేసుకున్నాడు. ఆరేళ్ళు కాపురం చేసి, ఒక ఆడపిల్లను కని, రెండేళ్ళ కిందట జ్వరంతో పోయాడు. మిగిలింది ఇద్దరు ఆడవాళ్ళూ, మధ్యలో ఆరేళ్ళ మోన్సా. ఒకే పొయ్యి, ఒకే కప్పు. కోడల్ని పిలవాలంటే అత్తగారు "ఇదిగో" అనేది, లేకపోతే "నిన్నే" అనేది. ఎనిమిదేళ్ళలో పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు.

ఆ యేడు, 1928లో, అవకాడోలు విరగకాశాయి. అవకాడో విరగకాసిన యేడు గాలి తప్పదని అక్కడ పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. తెలిసి ఏం చేశారు? కాయలు కోసుకుని తిన్నారు. సిరియాకా ఒక్కతే పార పట్టుకుంది. కాఫీ తోట అంచున, కొండకు ఆనుకుని ఉన్న రాతి నేల వెతికి, నడుములోతు గుంట తవ్వింది. రెండు వైపులా చేవగల వాసాలు పాతి, పైన కలిపి తీగెలతో బిగించి, నేలదాకా మట్టలు కప్పింది. గోడలే లేని పాక అది, కప్పే గోడ. తోర్మెంతేరా అంటారు. గాలి దాని మీదుగా జారిపోవలసిందే గాని పట్టుకోవడానికి ఏమీ దొరకదు. అందరూ వేసేవాటికి ఒకటే తలుపు. సిరియాకా రెండు పెట్టింది, దక్షిణాన ఒకటి, ఉత్తరాన ఒకటి.

తోట మేస్త్రీ ఫాకుందో గాడిద మీద వస్తూ ఆగి, కాసేపు చూసి, నవ్వాడు.

"ఏమ్మా గాలివానా, చుట్టాన్ని పిలుస్తున్నావా ఏంటి?"

"పిలవకపోయినా వస్తుందిగా. వచ్చినప్పుడు మనకో చోటుండాలి కదయ్యా."

"బాగుంది. రెండు తలుపులెందుకు? ఒకటి నీకు, ఇంకోటి దానికా?"

"ఒకటి నాకు, ఇంకోటి నీకు."

"నాకా? నేనెందుకు దూరతాను ఈ ఎలకబొక్కలో?" అన్నాడు ఫాకుందో. "ఆ వాసాలు తోట దొరగారి కొండలోవి. ఆయన పొన్సే పట్నం నుంచి రానీ, పీకించి నీ చేతే మోయిస్తా."

"మోయిద్దువుగాని. ముందు ఈ తీగె కాస్త లాగి పట్టుకో."

వాడు పట్టుకున్నాడు కూడా. సిరియాకా నోటికి భయపడో, అలవాటు కొద్దీనో తెలియదు గాని ముడి బిగిసేదాకా పట్టుకుని, మరీ తిట్టుకుంటూ పోయాడు.

రెండు తలుపుల సంగతి వాళ్ళమ్మ చెప్పింది. ఈమెను కన్న నాటి ఒంటి తలుపు పాకలో, పచ్చి బాలింతరాలు, గాలి తిరగబడినప్పుడు తలుపుకు కాళ్ళు అడ్డంపెట్టి గంటసేపు తన్నిపట్టిందట. చిన్నప్పటి నుంచీ కూతురి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. గాలి పోతుంది, పోయిందనుకుని అందరూ బయటికొస్తారు, అప్పుడు అవతలి వైపు నుంచి వస్తుంది, చంపేది ఆ రెండోదే అని.

సెప్టెంబరు పన్నెండున పోలీసు ఒకడు గుర్రమెక్కి వచ్చి, రేపు గాలి వస్తోంది, పట్నంలో తుఫాను జెండాలు ఎగరేశారని అరిచి చెప్పి పోయాడు. పేట పేటంతా దొరగారి ఇంటి వైపు చూసింది. దిబ్బ మీద రెండంతస్తుల చెక్క ఇల్లు, పైన మెరిసే రేకులు. అంత పెద్ద ఇల్లు పడుతుందా అని వాళ్ళ ధీమా. ఇల్లు పెద్దదైతే గాలికి దారి తెలియదనుకున్నారో ఏమో, నాకైతే ఇప్పటికీ అంతుపట్టదు.

ఆ రాత్రే అత్తాకోడళ్ళకు మాటామాటా పెరిగింది.

"మోన్సా నాతో పై ఇంటికొస్తుంది" అంది ప్రాక్సెదెస్.

"ఆ రేకుల కొంప దిబ్బ మీదుంది అత్తా. గాలికి మొట్టమొదట చిక్కేది అదే. పాక ఉంది కదా."

"ఒకసారి గుంటలో దూరి నీకు పురుడు పోశాను. పోసి ఏం బావుకున్నానో నీకు తెలుసు. మళ్ళీ గుంటలో కాలు పెట్టను."

"నువ్వు పెట్టకు. నా పిల్ల నాతో ఉంటుంది."

"నీ పిల్లా? నాకింకెవరున్నారే, చెప్పు?"

సిరియాకా పొయ్యి ఆర్పి పడుకుంది. తెల్లవారాక చూసుకుందాంలే అనుకుంది. అదే ఆమె చేసిన తప్పు.

పొద్దున్నే వాన మొదలైంది. కింది పేటలో ఎదెల్మీరా ఒంటరిగా ఉంది, నెలలు నిండిన మనిషి, మొగుడు దొరగారి కంచరగాడిదలతో పొన్సే వెళ్ళాడు. ఆ పిల్లను నడిపించి తీసుకురావడానికి సిరియాకా కిందికి దిగింది. పోయి రావడానికి గంటన్నర పట్టింది. తిరిగొచ్చేసరికి ఇంట్లో మనిషి లేదు. ఆపదకు అడ్డని గోడకు గుచ్చి ఉంచిన మట్టలాదివారపు ఆకు లేదు. మోన్సా దుప్పటి లేదు.

"మీ అత్త పిల్లనెత్తుకుని పైకి పోయింది" అన్నాడు పాకలోకి దిగుతున్న ముసలాయన ఒకడు. "నువ్వు పంపించావనే అనుకున్నా."

ఎదెల్మీరాను గుంటలో కూర్చోబెట్టి సిరియాకా దిబ్బ వైపు పరుగెత్తింది. సగం దూరం పోకముందే ఉత్తరపు గాలి ఆమెను ఎత్తి కాఫీ మొక్కల్లో పడేసింది. లేచింది. మళ్ళీ పడేసింది. మూడోసారి మోకాళ్ళ మీద పాకుతుంటే ఒక కొమ్మ విరిగి భుజం మీద పడింది. కూతురి వైపు నాలుగు అడుగులు వేయలేక గుంట వైపు వెనక్కి పాకింది. ఏడ్చింది. అత్తగారిని తిట్టింది, దొరను తిట్టింది, సాన్ ఫెలిపెను తిట్టింది. ఆ రోజు సెప్టెంబరు పదమూడు, సాన్ ఫెలిపె పండుగ.

పాకలో పన్నెండు మంది. మధ్యాహ్నం దాటేదాకా గాలి ఆ కప్పు మీదుగా పోతూనే ఉంది. వాసాలు మూలిగాయి గాని కదల్లేదు. నీళ్ళు మడమలదాకా వచ్చాయి, అక్కడ ఆగాయి. ఎదెల్మీరాకు నొప్పులు మొదలయ్యాయి.

"అక్కా, తట్టుకోలేకపోతున్నా. మీ అత్తని పిలువక్కా."

"పిలుస్తా. కాస్త ఓర్చుకో. గాలి ఆగనీ, తీసుకొస్తా."

"ఆగుతుందా?"

"ఆగుతుంది. కాసేపే ఆగుతుంది. ఆ కాసేపు చాలు నాకు."

చెప్పినట్టే ఆగింది. ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమంటే, మట్టల్లోంచి కారే నీటిచుక్కల చప్పుడు వినబడింది. ముసలాయన బయటికి తొంగిచూసి, ఆకాశం నీలంగా ఉంది, అయిపోయింది తల్లీ అన్నాడు. సిరియాకా ఆయన రెక్క పట్టుకుంది.

"అయిపోలేదు తాతా, సగమే అయింది. దక్షిణం తలుపు మూసి రాళ్ళు పేర్చు. ఉత్తరం తలుపు తీసిపెట్టు. నేనొచ్చేదాకా ఎవర్నీ బయటికి పోనీకు."

దిబ్బ మీదికి ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. దారి పొడుగునా చెట్లు అడ్డంగా పడి ఉన్నాయి, ఒక్క ఆకు లేదు, పిట్టలు నేల మీద చచ్చిపడి ఉన్నాయి. దొరగారి ఇంటికి రేకులు సగం లేవు. మిగిలిన సగం కింద నుంచి జనం బయటికొచ్చి, ముంగిట్లో నిలబడి, బతికామంటూ ఒకళ్ళనొకళ్ళు కౌగిలించుకుంటున్నారు. ఫాకుందో ఎగిరిపడ్డ రేకులు ఏరి వరసగా పేరుస్తున్నాడు.

"అందరూ కిందికి రండి" అని అరిచింది సిరియాకా. "అది మళ్ళీ వస్తుంది. ఈసారి అటు నుంచి వస్తుంది. ఈ ఇల్లు ఆగదు."

"నీ చుట్టం పోయిందమ్మా" అన్నాడు ఫాకుందో. "ఎంతసేపు పిలిచినా ఇక రాదు."

వాడికి జవాబు చెప్పే తీరిక ఆమెకు లేదు. లోపలికి దూసుకుపోయింది. వంటింట్లో బల్ల కింద ప్రాక్సెదెస్ కూర్చుని ఉంది, ఒక చేతిలో మట్టలాదివారపు ఆకు, ఇంకో చేత్తో మోన్సాను ఒళ్ళో అదుముకుని. పిల్ల తల్లిని చూసి లేవబోయింది. ముసలావిడ వదల్లేదు.

"లే అత్తా. సమయం లేదు."

"కదలను."

"మళ్ళీ వస్తుందని నీకు తెలియదా? అందరికంటే నీకే బాగా తెలుసు."

"తెలుసు. అందుకే కదలను. ఆ రోజు గాలి ఆగినప్పుడు పిల్లల దగ్గర లేను. ఈసారి పిల్ల నా ఒళ్ళో ఉంది. వచ్చేది రానీ."

సిరియాకా బల్ల ముందు నేల మీద కూలబడింది. ఇద్దరి ముఖాలూ ఎదురెదురుగా వచ్చాయి. ఎనిమిదేళ్ళుగా కడుపులో దాచుకున్నదంతా అప్పుడు బయటికొచ్చింది.

"ఆ రోజు పరుగెత్తలేదని ఇరవై తొమ్మిదేళ్ళుగా ఏడుస్తున్నావు. ఇప్పుడు పరుగెత్తమంటే కూర్చుంటావేం? ఎదెల్మీరాకి నొప్పులొస్తున్నాయి, నా పాకలో. ఎవర్నీ వదిలిపెట్టి రానక్కర్లేదు ఈసారి. పిల్లనెత్తుకుని రా. పురుడూ పోస్తావు, పిల్లా ఉంటుంది."

"నువ్వు నాకు చెప్పకు. నీ వల్లే..."

"నా వల్ల కాదు. నీ పిల్లల్ని చంపింది నేను కాదత్తా. అది ఆ రోజు నన్ను కూడా చంపాలనే వచ్చింది. ఇద్దర్ని తీసుకుపోయింది, నిజమే. మూడోదాన్ని తీసుకుపోనివ్వలేదు నువ్వు. నీ చేతుల్లో ఉన్నాను కాబట్టే దానికి దొరకలేదు. ఆ సంగతి ఒక్కసారైనా అనుకున్నావా?"

పిల్లను అదిమిన ప్రాక్సెదెస్ చెయ్యి సడలింది. దక్షిణం వైపు కొండల్లోంచి సన్నగా ఒక రొద మొదలైంది. అది ఏమిటో ఆ గదిలో ఇద్దరు ఆడవాళ్ళకే తెలుసు.

"నొప్పులు ఎంతసేపటికోసారి వస్తున్నాయి?" అని అడిగింది ప్రాక్సెదెస్.

"ఊపిరాడనివ్వడం లేదు."

"మరి ఇక్కడ కూర్చుని కబుర్లేంటి? పిల్లని నువ్వెత్తుకో, నా మోకాళ్ళు మోయలేవు."

పడుతూ లేస్తూ దిగారు. వాళ్ళ ముగ్గుర్నీ చూసి ముంగిట్లో ఉన్నవాళ్ళు కొందరికి ధైర్యం సడలింది. మంత్రసానమ్మే పరుగెడుతోందంటే ఊరికే కాదని వెంటపడ్డారు. ఫాకుందో, ఇంకో ముగ్గురు మాత్రం రాలేదు. పెద్ద ఇల్లుండగా గుంటలో దూరడమేమిటని ఉండిపోయారు. వాళ్ళను తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది, జాలీ వేస్తుంది.

ఉత్తరం తలుపులోంచి చివరి మనిషి దూరేసరికి దక్షిణపు గాలి వచ్చి కప్పును గుద్దింది. రాళ్ళు పేర్చిన తలుపు గజగజలాడింది, నిలబడింది. ముప్పై మంది ఊపిరి బిగబట్టి ఒకళ్ళ మీద ఒకళ్ళు కూర్చున్నారు. పైనుంచి దిబ్బ మీది ఇల్లు విడిపోతున్న చప్పుడు అందరికీ వినబడింది. ఒక్కొక్క చెక్కా, ఒక్కొక్క రేకూ.

అప్పుడు ఉత్తరం తలుపు అడుగు నుంచి రెండు చేతులు లోపలికొచ్చాయి, ఆ వెనక బురదతో నిండిన తల, ఆ వెనక ఫాకుందో. నాలుగు కాళ్ళ మీద పాకి వచ్చి ఓ వారన పడ్డాడు. నుదుటి మీద రేకు కోసిన గాటు.

"రెండోది నీకేనని చెప్పాగా" అంది సిరియాకా.

ఆమె తన తలగుడ్డ విప్పి వాడి మీదికి విసిరింది, గాయానికి కట్టుకోమని.

గుంట ఆ చివర ప్రాక్సెదెస్ పని మొదలుపెట్టింది. ఆడవాళ్ళు పావడాలు పట్టుకుని అడ్డం నిలబడ్డారు. మోన్సా నానమ్మ వీపుకు అంటుకుని కూర్చుంది, కదిలితే ఊరుకోనని ముసలావిడ ముందే చెప్పింది. గాలి అరుస్తోంది, ఎదెల్మీరా అరుస్తోంది, ఎవరి అరుపు ఏదో తెలియడం లేదు. ప్రాక్సెదెస్ గొంతు మాత్రం పెరగలేదు. "ఇంకొక్కసారి తల్లీ. ఇంకొక్కసారి. గాలితో నీకేం పని, నీ పని నువ్వు చూసుకో."

చీకటి గుంటలో ఒకటే దీపం, అది సిరియాకా చేతిలో ఉంది. తలుపు రాళ్ళు చూడడానికి ఆమె అటు తిరిగింది.

"సిరియాకా, దీపం ఇటు పట్టు."

సిరియాకా కదల్లేదు. ఎవరు ఎవర్ని పిలిచారో ఆమెకు వెంటనే అర్థం కాలేదు. ఆ గొంతులో ఆ మాట ఆమె ఎన్నడూ వినలేదు.

"వినబడలేదా సిరియాకా? బిడ్డ తల కనిపిస్తోంది. దీపం."

దీపం పట్టుకుని వెళ్ళింది. అత్తగారు తలెత్తి చూడలేదు, చూడవలసిన అవసరమూ లేదు. కాసేపటికి ఆడపిల్ల పుట్టింది. పుట్టీ పుట్టగానే గాలిని మించి ఏడ్చింది. ముప్పై మందీ ఒక్కసారి నవ్వారు, ఆ రోజు మొదటి నవ్వు అదే.

బొడ్డు కోసి, తుడిచి, బిడ్డను తల్లి పక్కన పెట్టాక ఎదెల్మీరా నీరసంగా అడిగింది.

"పెద్దమ్మా, ఇవాళ ఏ పండుగ?"

అందరికీ తెలుసు. ఫాకుందో తల దించుకున్నాడు.

"సాన్ ఫెలిపె" అంది ప్రాక్సెదెస్.

"వద్దు పెద్దమ్మా. ఈ పేరు పెడితే దీన్ని బతకనిస్తారా? రేపటి నుంచి అందరూ దీన్నే అంటారు. వేరే ఏదైనా పెట్టు."

ప్రాక్సెదెస్ చేతులు కడుక్కుంటోంది. నెమ్మదిగా కడుక్కుని, పావడాకు తుడుచుకుని, వెనక్కి తిరిగి ఆ ముప్పై మంది ముఖాలూ ఒక్కొక్కటే చూసింది. తడిసి, బురద కొట్టుకుని, సిరియాకా పాతిన వాసాలకు చేరగిలబడి ఉన్నారు అందరూ.

"ఫెలిపా" అంది. "ఇది ఫెలిపా. అననీ. నా కోడల్ని ఇరవై తొమ్మిదేళ్ళు అన్నారు, అన్నవాళ్ళందరూ ఇవాళ ఎవరింట్లో కూర్చున్నారో అడుగు."

ప్రాక్సెదెస్ బిడ్డను తీసి సిరియాకా చేతుల్లో పెట్టి, మోన్సాను ఒళ్ళోకి లాక్కుని, రాళ్ళు పేర్చిన తలుపుకు వీపు ఆనించి కూర్చుంది.